రెండోసారి సూది

పోయినవారం చదవడం కుదరనివారికి రెండు ముక్కలు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో హోల్‌సేల్ కొట్టు నడిపే ఈశ్వరరావు భార్య దుర్గాదేవికి ఊపిరితిత్తిలో అడినోకార్సినోమా అనే రకం కేన్సర్ ఉందని తేలి రెండేళ్ళు దాటింది. జన్మలో పొగ ఎరగని మనిషి. గడ్డలో ఒక జన్యువు మారిందని పరీక్షలో బయటపడటంతో, ఆ మార్పుకు తగిన మాత్ర రోజూ వేసుకుంటూ, ఇన్నాళ్ళూ కొట్లో కాటా పక్కన ఎప్పట్లాగే కూర్చుంది. ఇప్పుడు కొత్త స్కాన్‌లో గడ్డ మళ్ళీ పెరిగినట్టు కనబడింది. ఏలూరులో ఆమెను చూసే డాక్టర్ జాయ్సీ, మరోసారి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలంది. దుర్గాదేవి సరేనంది. ఈశ్వరరావు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం దగ్గరే పోయినవారం ఆగాం.

సోమవారం పొద్దున్నే దుర్గాదేవి స్నానం చేసి మెత్తటి నూలుచీర కట్టుకుంది. పరగడుపున రమ్మన్నారు కాబట్టి కాఫీ కూడా ముట్టలేదు. గుమ్మం ముందుకు రావలసిన కారు రాలేదు. మొగుడు కొట్టుకు వెళ్ళి చాలాసేపైంది, ఫోన్ ఎత్తడం లేదు. సరే, కాస్త ఆలస్యమవుతుందని చెప్పడానికి ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"మీ పేరు తీసేశామండి," అంది అవతలి అమ్మాయి. "నిన్న సాయంత్రం మీవారే ఫోన్ చేసి వద్దన్నారు కదండీ."

దుర్గాదేవి ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే, "మళ్ళీ పెట్టండమ్మా. నేను వస్తున్నాను," అంది.

"డాక్టరుగారిని అడగాలండి."

"అడగండి. నేను లైన్లోనే ఉంటాను."

కాసేపటికి జాయ్సీయే లైన్లోకి వచ్చింది. "రండి దుర్గాదేవిగారూ. మధ్యాహ్నం చేద్దాం. అప్పటిదాకా ఏమీ తినకండి," అంది. ఎందుకు వద్దన్నారని అడగలేదు. అడగనందుకు దుర్గాదేవి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

చెప్పులేసుకుని కొట్టుకు నడిచింది. మార్కెట్లో అప్పుడే కర్నూలు లారీ ఒకటి దిగుతోంది. నేలంతా ఎర్రటి పొట్టు. బస్తాలు మోసేవాళ్ళు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు. జబ్బు మనిషని కాదు, ఆ నడక చూసి. ఈశ్వరరావు కాటా దగ్గర నిలబడి ఉన్నాడు. భార్యను చూడగానే చూపు తిప్పుకున్నాడు.

"ఒకసారి లోపలికి రండి," అంది దుర్గాదేవి.

కొట్టు వెనక గోడౌన్లో బస్తాలు పైకప్పుదాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో మనిషి పట్టేంత సందు. అక్కడ నిలబడ్డారు ఇద్దరూ.

"ఏలూరికి ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే." ఆయన చేతిలో ఉల్లిపాయ ఒకటుంది. దాని పొర వలుస్తున్నాడు.

"నాతో ఒక్క మాట అనకుండా."

"అంటే నువ్వు వింటావా?"

"విననని తెలిసే చేశారన్నమాట."

ఈశ్వరరావు తల ఎత్తాడు. ఆయన కళ్ళు చూస్తే రాత్రి నిద్రపోలేదని తెలుస్తోంది. "అన్నయ్య సంగతి నీకు తెలియనిదా దుర్గా? తన కాళ్ళమీద తను నడుచుకుంటూ ఆసుపత్రికి వెళ్ళాడు. సూది గుచ్చారు. ఆ మర్నాటినుంచే మంచం పట్టాడు. గడ్డని కదిపితే రేగుతుంది. ఒకరు కాదు, ఎంతమంది చెప్పారో నాకు. మాత్ర మార్చమను, రెండు వెయ్యమను, హైదరాబాదయినా మద్రాసయినా తీసుకెళ్తాను. ఆ సూది మాత్రం వద్దు."

ఆయన అన్న విజయ్‌కుమార్. ఈ కొట్టు పెట్టింది ఆయనే. నిరుడు ఆయన పోయినప్పటినుంచి ఈ ఇంట్లో ఆ చావు గురించి ఎవరూ పెదవి విప్పలేదు. ఇవాళ విప్పక తప్పదని దుర్గాదేవికి అర్థమైంది.

"ఆరోజు డాక్టరుగారు స్కాన్ చూపించడానికి పిలిస్తే మీరు లోపలికి రాలేకపోయారు. వరండాలో కూలబడ్డారు. నేను వెళ్ళాను. సూది గుచ్చడానికి ముందు తీసిన స్కానండీ అది. అప్పటికే కాలేయంలోకి పాకింది. వెన్నుపూసలోకి పాకింది. బావగారు నడుచుకుంటూ వెళ్ళారంటే అది ఆయన మొండితనం, ఒంట్లో బాగుండి కాదు. సూది చేసిందల్లా దాని పేరు చెప్పడమే."

"నాకెప్పుడూ చెప్పలేదే ఈ సంగతి."

"ఎప్పుడు చెప్పమంటారు? బావగారి పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవారు."

బయట లారీ వాడు ఎవరినో కేకేస్తున్నాడు. ఈశ్వరరావు బస్తాకి చేరబడ్డాడు. చిన్న గొంతుతో అన్నాడు. "నల్లజర్ల అవతల ఒకాయన పసరు ఇస్తాడట. మాట్లాడాను. ఆదివారం రమ్మన్నాడు."

"నాలో ఇప్పుడు పెరుగుతున్నదేంటో ఆయనకు తెలుసాండీ?"

ఆయన చేతిలో ఉల్లిపాయను బస్తామీద పెట్టాడు.

"జాయ్సీగారికే తెలియదు. తెలియదని ఆవిడే ఒప్పుకుంది. ఇంత చదువుకున్నావిడ, తెలియదు కాబట్టి చూద్దాం అంటోంది. ఆయనెవరో చూడకుండానే మందిస్తానంటున్నాడు. బస్తా వాసన కొడితే మీరేం చేస్తారు? కుట్టు విప్పి చూస్తారు. పైన మంచి బస్తా పెట్టి కప్పెయ్యరు కదా."

"బస్తా వేరు, నువ్వు వేరు."

ఆ మాటకు దుర్గాదేవికి కోపం సగం చల్లారింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"నేను వేరే. కాబట్టే నా సంగతి నన్ను చూసుకోనివ్వండి. ఈ రెండేళ్ళూ బతికింది దణ్ణాలు పెట్టినందుకు కాదు. మొదటిసారి సూది గుచ్చి చూశారు, ఏ మాత్ర పనిచేస్తుందో తెలిసింది, వేశారు. ఇప్పుడు మాత్ర ఆగింది. మళ్ళీ చూడాలి. నేను ఏలూరు వెళ్తున్నాను. మీరు తీసుకెళ్తే కారులో, లేకపోతే బస్సులో."

"నువ్వు తిరిగి రాకపోతే?" ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఈశ్వరరావు ఆమె వైపు చూడలేకపోయాడు.

"వస్తానని నేను మాటివ్వలేనండి. ఇవ్వగలిగితే ఇచ్చేదాన్ని. చూడకుండా ఇంట్లో కూర్చుంటే మాత్రం ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు."

ఇక అక్కడ నిలబడలేదు. గోడౌన్ దాటి, కాటా దాటి, ఎండలోకి వచ్చింది. ఆటో స్టాండు వైపు నడుస్తుంటే ఖాళీ కడుపుకు కళ్ళు కొద్దిగా తిరిగాయి. ఆగి, కరెంటు స్తంభం పట్టుకుని, మళ్ళీ నడిచింది. వెనకనుంచి వచ్చిన కారు పక్కన ఆగింది. ఈశ్వరరావు లోపలినుంచే వంగి తలుపు తీశాడు.

"ఎక్కు," అన్నాడు.

భీమడోలు దాటేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. దాటాక ఆయనే, "ఏసీ చల్లగా ఉందా, తగ్గించనా?" అని అడిగాడు. "కాస్త తగ్గించండి," అంది దుర్గాదేవి. వాళ్ళమధ్య రాజీ కుదిరిందనడానికి అంతకంటే మాటలు అవసరం లేదు.

ఆసుపత్రి దగ్గర కూతురు భార్గవి ఎదురుచూస్తోంది. ఏలూరులోనే బ్యాంకులో పనిచేస్తుంది. తల్లి ఫోన్ చేయగానే సెలవు పెట్టి వచ్చింది. జాయ్సీ ముగ్గురినీ కూర్చోబెట్టింది. నలభై దాటని మనిషి, మెల్లగా మాట్లాడుతుంది, ఏదీ దాచదు.

"గడ్డ రేగుతుందా అండీ?" ఈశ్వరరావు సూటిగా అడిగేశాడు.

"సూది వల్ల పాకడం చాలా చాలా అరుదండి. దానికంటే ఎక్కువగా జరిగేది వేరే ఉంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు. చేరితే సన్న గొట్టం పెట్టి తీసేస్తాం, ఒకట్రెండు రోజులు ఇక్కడే ఉండాలి. అసలు ముప్పే లేదని నేను చెప్పను. కానీ గడ్డ ఎందుకు మొండికేసిందో తెలుసుకోకుండా మందు మారిస్తే, కళ్ళకు గంతలు కట్టుకుని నడిచినట్టే."

"ఎందుకు మొండికేస్తుందండీ? రెండేళ్ళు మాట వింది కదా," అంది దుర్గాదేవి.

"అది పెరగడానికి వాడుకునే దారిని మీ మాత్ర మూసేసిందమ్మా. ఇన్నాళ్ళు ఆగింది. ఇప్పుడు ఇంకో దారి వెతుక్కుంది. అందరిలో ఒకే దారి కాదు. కొందరిలో ఇంకో జన్యువు పెచ్చుపెరుగుతుంది, కొందరిలో గడ్డ రకమే మారిపోతుంది. ఏ దారో తెలిస్తే దానికి తగిన మందు చూస్తాం. ముక్కతోపాటు రక్తం కూడా పంపిద్దాం. గడ్డ రాల్చే జన్యుపదార్థం రక్తంలో తిరుగుతుంటుంది. ఒకదానిలో దొరకనిది ఇంకోదానిలో దొరకొచ్చు."

కాగితం మీద సంతకానికి ఈశ్వరరావు చెయ్యి చాచాడు. "నేను పెడతానండి," అని దుర్గాదేవి పెన్ను తీసుకుంది.

స్కాన్ యంత్రం బల్లమీద బోర్లా పడుకోబెట్టారు. వీపుమీద ఏదో చల్లగా రాశారు. మత్తు సూది చురుక్కుమంది. తర్వాత లోపల ఎక్కడో, తనదని ఎప్పుడూ అనుకోని చోట, బరువుగా ఒత్తిడి. "ఊపిరి బిగబట్టండమ్మా. కదలకండి." బిగబట్టింది. చప్పుడొకటి వినబడింది, స్టేప్లర్ నొక్కినట్టు. మళ్ళీ ఊపిరి. మళ్ళీ బిగబట్టడం. దేవుడి పేరు తలుచుకుందామంటే గుర్తుకు రాలేదు. కాటా మీద బస్తాలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూ దిగుతూ కనబడ్డాయి. అదీ మంచిదే అనుకుంది.

సాయంత్రం ఎక్స్‌రే తీసి గాలి చేరలేదన్నారు. ఈశ్వరరావు మంచం పక్కన నిలబడి, నీళ్ళ సీసా మూత తీయడం, పెట్టడం, తీయడం చేస్తున్నాడు.

"నొప్పేసిందా?"

"వేసింది. దానికంటే ఆకలి ఎక్కువేసింది. ఇడ్లీ తెప్పించండి."

ఆయన నవ్వాడు. ఆ స్కాన్ రిపోర్టు వచ్చినప్పటినుంచి ఆమె చూసిన మొదటి నవ్వు అది.

రిపోర్టులన్నీ రావడానికి మూడు వారాలకు పైనే పట్టింది. మధ్యలో జాయ్సీ ఇంకోసారి పిలిచి, విడిగా మరో గొట్టంలో రక్తం తీయించింది. "ఒక అనుమానం ఉంది, తేల్చుకోవాలి," అని మాత్రం చెప్పింది. అనుమానమేంటో తేలాక చెబుతానంది.

మళ్ళీ ముగ్గురూ వెళ్ళారు. జాయ్సీ తలుపు వేసి వచ్చి, బల్లకు అవతల కాకుండా వాళ్ళ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. భార్గవి తల్లి చెయ్యి పట్టుకుంది.

"రెండు సంగతులు తెలిశాయి. ముందు గడ్డ సంగతి. మెట్ అని ఒక జన్యువుంది. గడ్డ దాన్ని ఎన్నో రెట్లు పెంచుకుని మాత్రను తప్పించుకుంటోంది. ఇదివరకైతే కీమో తప్ప దారి లేదు. ఇప్పుడు పాత మాత్రతోపాటు ఈ మెట్‌ను ఆపే మందు కలిపి ఇచ్చి చూస్తున్నారు. చాలామందిలో గడ్డ తగ్గుతోంది. తగ్గిందంటే మళ్ళీ రాదని కాదు. కాలం దొరుకుతుంది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ఆ పరిశోధనకు పేషెంట్లను తీసుకుంటోంది."

"ప్రయోగమాండీ?" అన్నాడు ఈశ్వరరావు.

"అవునండి, ప్రయోగమే. కొందరికి జతమందు, కొందరికి కీమో. ఎవరికేది అన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మన చేతుల్లో ఉండదు, నా చేతుల్లోనూ ఉండదు. ఇష్టమైతేనే చేరాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు బయటికి రావొచ్చు."

దుర్గాదేవి కొంచెంసేపు ఆలోచించింది. "ఈ రెండేళ్ళూ నేను మింగిన మాత్ర కూడా ఎవరో ఒకళ్ళు ముందు మింగి చూడబట్టేగా నా దాకా వచ్చింది. వెళ్తానండి విశాఖపట్నం. రెండో సంగతి చెప్పండి."

జాయ్సీ రెండో రిపోర్టు చేతిలోకి తీసుకుంది. "మీకు తోబుట్టువులున్నారా?"

"ఒక చెల్లెలు. కలిదిండిలో ఇచ్చాం. రత్నమాణిక్యం. వాళ్ళకి చేపల చెరువులకు మేత, మందులు అమ్మే కొట్టుంది. ఎందుకండీ?"

"మీ రక్తంలో ఇంకో మార్పు కనబడింది. మామూలుగా మందు వాడాక గడ్డలో పుట్టే మార్పు అది. మీ మాత్రకు లొంగి పోవలసింది. పోలేదు సరికదా, రక్తంలో తిరిగే జన్యుపదార్థంలో సగానికి సగం ఉంది. అలా ఉందంటే అది గడ్డది కాకపోవచ్చు. అందుకే రెండోసారి మీ రక్తకణాల్లో విడిగా చూడమన్నాను. అక్కడా ఉంది. అంటే ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. పుట్టుకతో వచ్చిందమ్మా. అమ్మనుంచో నాన్ననుంచో."

భార్గవి తల్లి వైపు తిరిగింది.

దుర్గాదేవికి తల్లి జ్ఞానప్రసూనాంబ గుర్తొచ్చింది. ఎండిపోయిన మెడ, వెనక దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోవడం. క్షయ అన్నారు. క్షయ మాత్రలు మింగించారు. గ్లాసు వేరు పెట్టారు, కంచం వేరు పెట్టారు, పిల్లలిద్దరినీ గుమ్మం దగ్గరే ఆపారు. మాత్రలు పనిచేయలేదు.

"మా అమ్మ..." అని ఆగిపోయింది. తర్వాత ఆ సంగతంతా చెప్పింది.

జాయ్సీ మధ్యలో మాట్లాడకుండా విన్నది. "అది ఇదేనని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కావచ్చు. మీ చెల్లెలికి ఈ మార్పు ఉండటానికి సగం అవకాశం ఉంది. మీ అమ్మాయికీ అంతే. ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు. కానీ ఉందని తెలిస్తే కనిపెట్టుకుని ఉండొచ్చు, స్కాన్లు తీసి చూసుకోవచ్చు. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు."

సూదికి బెదరని దుర్గాదేవి ఇప్పుడు బెదిరింది. కూతురు పట్టుకున్న చెయ్యి వెనక్కి లాక్కుంది, తన చర్మం తాకితేనే ఆ పిల్లకు ఏదో అంటుకుంటుందన్నట్టు. భార్గవి ఆ చేతిని మళ్ళీ వెతికి పట్టుకుంది.

"నాకు ఇవాళే తియ్యండి డాక్టరుగారూ," అంది.

"తొందరేం లేదు భార్గవీ. ముందు మాట్లాడుకుందాం. ఉందని తెలిశాక, తెలియని రోజులకు తిరిగి వెళ్ళలేం."

"మా అమ్మ తెలుసుకునే బతికిందండి ఇన్నాళ్ళూ. నేనూ తెలుసుకుంటాను."

ఈశ్వరరావు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి, అటు తిరిగే, "తియ్యండి డాక్టరుగారూ," అన్నాడు. ఆరోజు వద్దని ఫోన్ చేసిన గొంతే అది. ఎంత కష్టపడి ఆ మాట అన్నాడో దుర్గాదేవికి ఒక్కదానికే తెలుసు.

జాయ్సీ భార్గవిని పక్కగదిలో చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. ఆ తర్వాతే రక్తం తీయించింది. కారులో బయల్దేరేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. ఆ రాత్రికి తల్లి దగ్గర ఉండడానికి భార్గవి కూడా వెనకసీట్లో కూర్చుని మోచేతి దగ్గర దూది నొక్కుకుంటోంది. గుండుగొలను దగ్గరపడుతుండగా ఈశ్వరరావు అసలు విషయం ఎత్తాడు.

"మాణిక్యానికి ఎప్పుడు చెబుదామనుకుంటున్నావు?"

"ఇవాళే."

"గురువారం వాళ్ళమ్మాయి ఇందు నిశ్చితార్థం పెట్టుకున్నారు. జంగారెడ్డిగూడెం పెళ్ళివారు పట్టింపు మనుషులు. వంశంలో ఉందని వాళ్ళ చెవిన పడిందంటే సంబంధం నిలబడదు. ఆ నాలుగురోజులూ ఆగి చెబుదాం దుర్గా. నాలుగు రోజుల్లో మునిగిపోయేదేముంది?"

దుర్గాదేవికీ ఆ ఆలోచన రాకపోలేదు. ఇందు తన చేతుల్లో పెరిగిన పిల్ల. పెళ్ళికొడుకు ఫొటో చూపించడానికి ఆ పిల్ల బస్సెక్కి తాడేపల్లిగూడెం వచ్చింది. "అయ్యాక చెబితే, తెలిసీ దాచారన్న మాట పడేది ఆ పిల్లే కదండీ," అంది. "ముందు మాణిక్యానికి చెబుతాను. పెళ్ళివారికి ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో వాళ్ళింటివాళ్ళు తేల్చుకుంటారు. అది వాళ్ళ హక్కు. దాచిపెట్టే హక్కు మాత్రం మనకు లేదు."

"నీమీద గొంతెత్తుతుంది. మాట్లాడటం మానేస్తుంది."

"మానెయ్యనివ్వండి. బతికుంటే మళ్ళీ మాట్లాడుతుంది."

ఆ మాట పూర్తవుతుండగానే ఆమె ఫోన్ మోగింది. తెరమీద చెల్లెలి పేరు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుర్గాదేవి ఫోన్ చెవికి ఆనించింది.

"అక్కా, బావగారు పక్కనున్నారా?" రత్నమాణిక్యం గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. వెనక పందిరి రాటలు దిగ్గొడుతున్న చప్పుడు.

"ఉన్నారు. కారులో వస్తున్నాం. చెప్పు."

"స్పీకర్లో పెట్టకు. ఒక మాట అడుగుతాను, ఎవరితోనూ అనకు. ఇందుతో అసలే అనకు." అవతల తలుపు వేసిన శబ్దం. "నీకు మొట్టమొదట్లో ఎలా ఉండేదక్కా? దగ్గొకటేనా? లేకపోతే ఎడమ భుజం కింద, రెక్క దగ్గర, లోపల్నుంచి ఎవరో లాగినట్టుగా కూడా ఉండేదా?"

భుజం కింద ఆ లాగుడు సంగతి దుర్గాదేవి డాక్టరుకు తప్ప ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. మొగుడిక్కూడా చెప్పలేదు.

"ఎన్నాళ్ళనుంచి మాణిక్యం?" అంది. అవతల ఊపిరి తీసుకోవడం మాత్రం వినబడుతోంది.

దుర్గాదేవి ఫోన్ చెవినుంచి తీయకుండానే మొగుడి భుజం తట్టింది.

"కారు వెనక్కి తిప్పండి. కైకలూరు రోడ్డు పట్టండి."

"ఇప్పుడు కలిదిండా?"

"ఇప్పుడే."